తాత డోలు పట్టీ, మా క్లబ్బు బేస్ గిటార్

మా మ్యూజిక్ రూమ్‌లో ఉన్నది ఒక్కటే బేస్ గిటార్. వాయించేవాళ్ళం ముగ్గురం. పోయిన సెమిస్టర్‌లో మా మధ్య జరిగిన గొడవ ఒక చిన్న నల్ల ప్లాస్టిక్ ముక్క గురించి. బొటనవేలు ఆనించుకోవడానికి వాడే ఆ ముక్కని థంబ్ రెస్ట్ అంటారు. నేను డబుల్ సైడ్ టేపుతో అంటించాను. మర్నాడు సీనియర్ అన్న పీకేశాడు. మళ్ళీ అంటించాను. మళ్ళీ పీకాడు. మూడోసారి జూనియర్ అమ్మాయి దాన్ని రెండు అంగుళాలు పక్కకి జరిపి అంటించింది, ఇద్దరికీ పనికిరాకుండా. వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి నూట చిల్లర మెసేజీలు. "కంఫర్ట్ కాదు బ్రో, ప్రాక్టీస్ కావాలి" అన్నది అన్న చివరి మాట.

ఈ వ్యాసం ఆ మాటకి నా జవాబు. కొంచెం లేటయింది, ఎందుకంటే మధ్యలో నా ఎడమ మణికట్టు పని చెయ్యడం మానేసింది.

ముందు, బేస్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. "గిటార్‌కి ఆరు తీగలు, దీనికి నాలుగే కదా, ఈజీ కదా" అని హాస్టల్లో కనీసం పదిమంది అడిగారు. సినిమా పాట వింటున్నప్పుడు కింద గుండె కొట్టుకున్నట్టు నడిచే స్వరం ఉంటుంది చూడండి, అది బేస్. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలు మంచి హెడ్‌ఫోన్స్‌లో పెట్టి, గొంతుని పట్టించుకోకుండా కింద నడిచేదాన్ని మాత్రమే వినండి. ఇళయరాజా పాటల్లో బేస్ విడిగా ఇంకో పాట పాడుతున్నట్టు ఉంటుంది. అంత కింది స్వరం రావాలంటే తీగ లావుగా, పొడుగ్గా ఉండాలి. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది. మామూలు గిటార్‌లో తీగ ఊగే పొడవు సుమారు 25.5 అంగుళాలు, బేస్‌లో 34. ఈ 34 అంగుళాల కొలతని స్థిరపరిచింది 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్. అంతకు ముందు ఆ పని చేసింది మనిషంత ఎత్తుండే డబుల్ బేస్. దాన్ని మోసుకు తిరగడంతో పోలిస్తే ఫెండర్ చేసింది పెద్ద ఉపకారమే, కాదనను.

కానీ లెక్క చూడండి. మొదటి ఫ్రెట్ మీద చూపుడువేలు, నాలుగో ఫ్రెట్ మీద చిటికెనవేలు పెట్టాలంటే గిటార్ మీద 9.7 సెంటీమీటర్లు చాపితే చాలు. బేస్ మీద 13 కావాలి. బరువు మామూలుగా 4 కిలోలు, అదంతా ఒక భుజం మీద. గంటన్నర ప్రాక్టీస్ అంటే గంటన్నర సేపు ఒక భుజానికి నాలుగు కిలోల బియ్యం సంచీ తగిలించుకుని, ఆ చేతి వేళ్ళతోనే సన్నపని చెయ్యడం అన్నమాట.

నవంబర్ చివరికి నా ఎడమ మణికట్టు లోపలివైపు నొప్పి మొదలైంది. మొదట్లో వాయించాకే ఉండేది, తర్వాత ల్యాబ్‌లో టైప్ చేసేటప్పుడూ వచ్చింది. మనం సీఎస్ఈ వాళ్ళం, చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది? భయం వేసింది. భయపడ్డ ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థి చేసే పనే నేనూ చేశాను, ఆన్‌లైన్‌లో వస్తువులు కొన్నాను. వేళ్ళకి బలం వస్తుందని స్ప్రింగులున్న గ్రిప్పర్ ఒకటి. చేతికి తొడుక్కునే గ్లవ్ ఒకటి. తీగలు జారాలని పూసే స్ప్రే. పోయినేడాది పుట్టినరోజుకి అత్త ఇచ్చిన డబ్బులు అలా అయిపోయాయి. గ్రిప్పర్‌తో నొప్పి పెరిగింది. గ్లవ్ వేసుకుంటే తీగ ఎక్కడుందో వేలికి తెలియలేదు. స్ప్రే వాసన మా రూమ్మేట్‌కి తలనొప్పి తెచ్చింది.

సంక్రాంతి సెలవులకి క్లబ్బు పర్మిషన్ తీసుకుని బేస్‌ని అమ్మమ్మ వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాను. ఊరు దిగువ అహోబిలం. ఎగువ అహోబిలం కొండ మీద ఉంది, నవనరసింహుల్లో చాలామంది ఇంకా లోపల అడవిలో, లోయల్లో ఉంటారు. దిగువన ప్రహ్లాదవరదుడి గుడి చుట్టూ ఇళ్ళు. కనుమ రోజుల్లో అక్కడ పార్వేట మొదలవుతుంది. స్వామి పల్లకీ నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతుంది, తన పెళ్ళికి రమ్మని పిలవడానికే అంటారు. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు కాబట్టి చెంచులు మొదటి చుట్టాలు. ఆ హడావిడిలో ఊరంతా డోలు, సన్నాయి వినిపిస్తూనే ఉంటుంది.

అమ్మమ్మ ఇంటి అరుగు మీద నిలబడి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తున్నాను. మేళంలో డోలు వాయించే తాత ఒకాయన అదే వీధి. పోతూ పోతూ ఆగాడు. ఆయనకి నా బేస్ వినిపించదు కదా, వేళ్ళు మాత్రమే కనిపిస్తాయి. కాసేపు చూసి, "ఏంది నాయనా, ఆ ఎడం చెయ్యి అంత గట్టిగా పట్టుకున్న్యావు? పడిపోతాదని భయమా?" అన్నాడు.

"నొప్పిగా ఉంది తాతా" అన్నాను.

"రెండు చేతులూ ఇడిసిపెట్టు. అది యాడికి పోతాదో సూద్దాం."

వదిలాను. బేస్ తలకాయ, అంటే తీగలు చుట్టే మరలున్న హెడ్‌స్టాక్, నెమ్మదిగా జారి నా మోకాలి దాకా దిగింది. భుజం మీద స్ట్రాప్ సర్రున జరిగిపోయింది.

తాత నవ్వలేదు. "డోలు అట్ల జారితే నేను వాయించేదెట్ల? రెండు చేతులూ దానికే కావల్ల గదా" అన్నాడు. ఆయన కుడి చేత్తో ఒకవైపు, ఎడమ చేతిలోని పుల్లతో ఇంకోవైపు వాయిస్తాడు. నిలబడి వాయిస్తూ ఊరంతా నడుస్తాడు. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. డోలుని మోసే పని మొత్తం పట్టీది. నేనేమో మోసే పనిలో సగం ఎడమ చేతికి అప్పగించి, మిగతా సగంతో వాయించమంటున్నాను.

ఇంగ్లీషు వీడియోల్లో దీన్ని నెక్ డైవ్ అంటారు. అప్పటికే యాభై వీడియోలు చూసినా, ఆ మాట విన్నా, నా బేస్‌కి అది ఉందని నాకు తట్టలేదు. తక్కెడ అనుకోండి. స్ట్రాప్ రెండు చోట్ల తగులుతుంది, బాడీ వెనక ఒక బొడిపె, ముందు పైకొమ్ము చివర ఒక బొడిపె. పైకొమ్ము పొడుగ్గా ఉండి, ఆ బొడిపె 12వ ఫ్రెట్ దాకా వస్తే నెక్ బరువు, బాడీ బరువు దాదాపు సరిపోతాయి. ఫెండర్ బేస్‌ల పైకొమ్ము అంత పొడుగ్గా ఉండడం అందం కోసం కాదు. మా క్లబ్బు బేస్‌ది పొట్టి కొమ్ము, సన్నటి తేలిక బాడీ, దానికి నాలుగు బండ ఇనప మరలు. ఆ మరలు మధ్యనుంచి చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి వాటి బరువు చిన్నదైనా లాగుడు ఎక్కువ. ఫస్టియర్ ఫిజిక్స్‌లో టార్క్ చాప్టర్‌లో ఇదే చదివాం, పరీక్షలో రాశాం, భుజం మీద వేసుకున్నప్పుడు గుర్తు రాలేదు.

తాత భుజం మీది తువ్వాలు తీసి, నా నైలాన్ స్ట్రాప్ కింద మడిచి పెట్టాడు. మళ్ళీ వదలమన్నాడు. బేస్ కొంచెం ఊగి ఆగింది. అంతే! నైలాన్ నున్నగా ఉంటుంది, చొక్కా మీద జారుతుంది. గరుకు గుడ్డ జారనివ్వదు. తూకం మారలేదు, ఘర్షణ మారింది. కాలేజీకి వచ్చాక లోపలివైపు గరుకు తోలు ఉన్న వెడల్పాటి స్ట్రాప్ కొన్నాను. ఐదు సెంటీమీటర్ల పట్టీ బదులు పది సెంటీమీటర్లది వేస్తే భుజం మీద ఒత్తిడి సగమవుతుంది, ఇది కూడా ఇంటర్ ఫిజిక్సే. నేను కొన్నవాటిలో పనికొచ్చిన మొదటి వస్తువు అదే.

ఆ సాయంత్రం తాత తన కుడిచేతి వేళ్ళ తొడుగులు చూపించాడు. డోలు చర్మం చాలా బిగుతు, ఒట్టి వేళ్ళతో గంటలు గంటలు కొట్టలేరు. గుడ్డ పేలికలని జిగురు పిండిలో ముంచి వేలికి చుట్టి ఆరబెడితే అది గట్టి టోపీలా తయారవుతుంది. నేను తొడిగి చూశాను. చూపుడువేలుది వదులు, ఉంగరపువేలుది దూరనే లేదు. "నా ఏలు మీద ఆరింది నీ ఏలికి యాడ పడతాది" అన్నాడు. మేళంలో ఇంకో డోలు ఆయన పట్టీ ఇంకా కిందికి కట్టుకుంటాడట, ఆయన పొట్టి. ఒకరి డోలు ఇంకొకరు తీసుకుంటే మొదట చేసేది ముడి విప్పి మళ్ళీ కట్టుకోవడమేనట. దాని మీద వాళ్ళలో గొడవలేం లేవు. వాట్సాప్ గ్రూపు లేకపోవడం కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.

ఇప్పుడు స్ట్రాప్ ఎత్తు సంగతి. ఇందులో సరైన జవాబు ఉంటుందని నేను చాలా రోజులు వెతికాను. బేస్‌ని కిందికి వేలాడదీస్తే కుడి మణికట్టు తిన్నగా ఉంటుంది, ఎడమ మణికట్టు మాత్రం మెడ చుట్టూ తిరగడానికి బాగా వంగాలి. పైకి కట్టుకుంటే ఎడమది తిన్నగా అవుతుంది, కుడి మణికట్టు బాడీ అంచు మీదుగా కొక్కెంలా వంగుతుంది. ఒకదానికి హాయి ఇస్తే ఇంకోదాని నుంచి లాక్కోవాల్సిందే. ఎక్కడ ఆపాలన్నది చేతుల పొడవు, మొండెం పొడవు, మీరు వాయించే పద్ధతి బట్టి ఉంటుంది. పీటర్ హుక్ దాదాపు మోకాళ్ళ దగ్గర వేలాడదీసి వాయించాడు. లెవెల్ 42లో మార్క్ కింగ్ ఛాతీ దగ్గరికి కట్టుకుని బొటనవేలితో తీగల్ని దంచాడు. ఇద్దరూ గొప్పవాళ్ళే. ఇద్దరి స్ట్రాపులూ మార్చి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటి చెప్తాను. కూర్చుని వాయిస్తూ స్ట్రాప్‌ని భుజం మీద బిగుతుగా ఉండేలా సర్దుకుని, అలాగే లేచి నిలబడండి. కూర్చున్నప్పుడు ఎక్కడుందో నిలబడినా అక్కడే ఉండాలి. మనం నూటికి తొంభై పాళ్ళు కూర్చుని ప్రాక్టీస్ చేసి, స్టేజీ మీద నిలబడి ఇంకో ఎత్తులో వాయిస్తాం. చేతులకి రెండూ వేరే వేరే వాయిద్యాలు. నేను మొదలుపెట్టింది ఆ ఎత్తులో, తర్వాత వారం రోజుల్లో రెండు వేళ్ళంత కిందికి దించుకున్నాను. జూనియర్ అమ్మాయి ఇంకా పైకి పెట్టుకుంది, కుడి మణికట్టు వంగకుండా మోచేతిని వెనక్కి లాగి వాయిస్తుంది. నేనలా చేస్తే భుజం పట్టేస్తుంది.

ఇక గొడవకి మూలమైన థంబ్ రెస్ట్. నాకు దీని చరిత్ర చదివాకే నవ్వొచ్చింది. ఫెండర్ తొలి బేస్‌లలో ఆనుకోడానికి ఒక ముక్క ఉండేది, కానీ సన్న తీగ పక్కన, కిందివైపు. ఎందుకంటే జనం బొటనవేలితో మీటుతారని, మిగతా వేళ్ళు దానికి పట్టుకుంటారని కంపెనీ అనుకుంది. జనమేమో బొటనవేలు పైన ఆనించి చూపుడు, మధ్య వేళ్ళతో మీటడం మొదలుపెట్టారు. 1970ల మధ్యలో కంపెనీ ఆ ముక్కని లావు తీగ వైపుకి జరిపింది. దాన్ని కనిపెట్టినవాళ్ళకే ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది, మేము ముగ్గురం ఒక వారంలో తేల్చుకోలేకపోయామంటే తప్పేముంది? మోటౌన్ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ అయితే ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు. సీనియర్ అన్న పిక్‌తో వాయిస్తాడు, అతని అరచేయి అంచు తీగల మీదే ఆనుతుంది, ఆ ముక్క దారికి అడ్డం. ఇది నాకు పీకినరోజే అర్థమయ్యుంటే మూడుసార్లు అంటించేవాణ్ణి కాదు.

తీగల విషయానికి వస్తే ఇష్టంతో పాటు లెక్క కూడా ఉంది. తీగ బిగువు దాని మందం మీద, పొడవు వర్గం మీద, స్వరం వర్గం మీద ఆధారపడుతుంది. స్వరం మార్చలేం. మిగిలింది మందం, పొడవు. మామూలు సెట్ లావు తీగ 105, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 105. 95 లేదా 100 సెట్ వేసుకుంటే ఎడమ చేతికి వెంటనే తేడా తెలుస్తుంది, కానీ తీగ ఎక్కువ ఊగుతుంది, గట్టిగా మీటేవాళ్ళకి ఫ్రెట్‌లకి తగిలి గరగరమంటుంది. పొడవు తగ్గించాలంటే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ కొనాలి. అదే తీగ, అదే స్వరం, 34 నుంచి 30కి వస్తే బిగువు సుమారు 22 శాతం పడిపోతుంది, వేళ్ళు చాపాల్సిన 13 సెంటీమీటర్లు పదకొండున్నర దగ్గరికి వస్తాయి. "అది పిల్లల బేస్" అనేవాళ్ళు మన క్యాంపస్‌లోనే ఉన్నారు. పాల్ మెకార్ట్నీ బీటిల్స్‌లో వాయించిన హోఫ్నర్ ఆ 30 అంగుళాలదే, లోపల డొల్ల, తేలిక. అతనిది ఎడమచేతి వాటం. దాని ఆకారం రెండువైపులా ఒకేలా ఉంటుంది, తిప్పి పట్టుకున్నా వింతగా కనబడదని కూడా ఎంచుకున్నాడు. ఎంచుకోడానికి అదీ ఒక కారణమే.

మన దగ్గర ఎండాకాలం సంగతి కూడా ఒకటి. కర్నూలు, కడప వైపు పొడి ఎండల్లో ఫ్రెట్‌లున్న చెక్క కుంచించుకుపోతుంది, ఫ్రెట్‌ల లోహం కుంచించుకోదు. దాంతో ఫ్రెట్ కొనలు అంచుల్లో బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీకుతాయి. వాయిద్యం చెడిపోయిందని కంగారు పడకండి. తెలిసినవాళ్ళ చేత సన్న ఆకురాయితో ఆ కొనలు నునుపు చేయించుకుంటే సరిపోతుంది. ఏ గ్లవ్వూ దీనికి మందు కాదు.

నొప్పికి ఇంకో కారణం నాకు ఫిబ్రవరిలో తెలిసింది, అసలైంది అదేనేమో. హాస్టల్లో రాత్రి పదిన్నర తర్వాత యాంప్ పెట్టలేం. హెడ్‌ఫోన్స్ పాడైన వారం రోజులు ఒట్టి తీగల మీదే వాయించాను. కరెంటు లేని బేస్ దోమంత చప్పుడు చేస్తుంది. వినబడట్లేదని కుడి చేత్తో గట్టిగా లాగుతాం, దానికి తగ్గట్టు ఎడమ చెయ్యీ తెలియకుండానే గట్టిగా నొక్కుతుంది. రెండు చేతులూ ఒకదాన్ని చూసి ఒకటి పోటీ పడతాయి. నొప్పి తగ్గినట్టే తగ్గి ఆ వారం మళ్ళీ వచ్చింది. హెడ్‌ఫోన్స్ బాగు చేయించి, యాంప్ వాల్యూమ్ పెంచి, వేళ్ళ బలం సగానికి తగ్గించాను. తీగ ఫ్రెట్‌కి తగలడానికి ఎంత తక్కువ నొక్కితే చాలో చూడండి, ఆశ్చర్యపోతారు. తాతకి అంత దూరం వినపడాలంటే వేళ్ళకి తొడుగులు కావాలి. మనకి ఆ పని కరెంటు చేసి పెడుతుంది, అయినా నేను చేత్తోనే చెయ్యబోయాను.

ఒక జాగ్రత్త. వేళ్ళలో తిమ్మిరి వస్తున్నా, నిద్రలో నొప్పి లేపుతున్నా ఏ స్ట్రాపూ కొనకండి, వాయించడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నాకు తిమ్మిరి రాలేదు, వచ్చుంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

"కంఫర్ట్ కాదు, ప్రాక్టీస్" అన్న మాటకి తిరిగి వస్తున్నా. వయొలిన్ మనది కాదు. పడమటి దేశాల్లో నిలబడి, గడ్డం కింద నొక్కిపట్టి వాయిస్తారు. కర్ణాటక సంగీతంలోకి వచ్చాక మనవాళ్ళు నేల మీద బాసింపట్టు వేసుకుని, దాని తలని కుడి పాదం మీద ఆనించారు. అప్పుడు వయొలిన్‌ని మోసే పని ఎడమ చేతికి తప్పింది, గమకాల కోసం తీగ పొడవునా జారడానికి స్వేచ్ఛ దొరికింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించింది అలాగే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఇంకా ముందుకెళ్ళాడు. మాండొలిన్‌కి జంట తీగలుంటాయి, నాలుగు జతలు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని ఐదు ఒంటి తీగలతో వాయించాడు. జంట తీగల మీద గమకం లాగడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించినవాళ్ళని అడగండి. వీళ్ళెవరూ ప్రాక్టీస్ తప్పించుకోడానికి వాయిద్యాన్ని మార్చలేదు. రోజుకి అన్ని గంటలు ప్రాక్టీస్ చెయ్యడానికే ఒంటికి సరిపోయేలా మార్చుకున్నారు. అన్నకి ఇది చూపించాను. "శ్రీనివాస్‌కీ నీకూ పోలికా?" అన్నాడు. పాయింటే, కానీ జవాబు కాదు.

ప్రస్తుతం ఒప్పందం ఇది. థంబ్ రెస్ట్ అంటించడం మానేశాం, అయస్కాంతంతో పెట్టుకుని తీసేసేలా చేశాను. తీగలు 100 సెట్, ముగ్గురికీ కొంచెం కొంచెం నచ్చనిది. స్ట్రాప్ మీద మూడు రంగుల టేపులున్నాయి. అన్నది ఎర్రది, అన్నిటికన్నా కింద. జూనియర్‌ది పచ్చది, అన్నిటికన్నా పైన. మధ్యలో తెల్లది నాది. ఈ ఏడాది కొత్తగా చేరేవాళ్ళు బకిల్ ఎక్కడికైనా జరుపుకోండి, మీ టేపు మీరు వేసుకోండి. తెల్లదాన్ని మాత్రం పీకకండి.